కంచె దగ్గర రెండు సెకన్లు, టీవీ ముందు రెండు గంటలు

2023 ఫిబ్రవరి 11, శనివారం మధ్యాహ్నం. హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ పక్కన, రోజూ ఆటోలూ సిటీ బస్సులూ తిరిగే రోడ్డు మీద బ్యాటరీతో నడిచే ఫార్ములా ఈ రేసు కార్లు పరుగెడుతున్నాయి. నేను ఇనుప జాలీకి ఇవతల స్టాండులో కూర్చుని, విజయవాడలో ఇంట్లో టీవీ ముందున్న తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, ఇప్పుడు ముందు ఎవడున్నాడ్రా?"

వాడు టకటకా చెప్పేశాడు. "అన్నయ్యా, వెర్న్ ముందున్నాడు, కాసిడీ వెనకే తరుముతున్నాడు. జాగ్వార్ కార్లు రెండూ పోయాయి తెలుసా? శామ్ బర్డ్ వెళ్లి సొంత టీమ్ వాణ్నే గుద్దేశాడు." ఆ గుద్దుడు జరిగింది నాకు కనిపించని మలుపులో. పోల్ పొజిషన్ నుంచి, అంటే అందరికన్నా ముందు నుంచి మొదలుపెట్టిన జాగ్వార్ డ్రైవరు మిచ్ ఎవాన్స్ ఎందుకు మాయమయ్యాడో, మూడు వందల కిలోమీటర్ల అవతల సోఫాలో కూర్చున్నవాడు చెబితే నాకు తెలిసింది.

అయితే నా దగ్గరున్నది వాడి దగ్గర లేదు. కారు వచ్చేముందు సన్నటి ఈల లాంటి చప్పుడు వస్తుంది. అది పెరిగి పెరిగి ఒక్కసారిగా పక్కనుంచి దూసుకుపోతుంది. గాలి చొక్కాకు కొడుతుంది. కాంక్రీటు దిమ్మెల మధ్య టైర్లు కీచుమన్న శబ్దం పళ్ల దాకా తాకుతుంది. రెండు సెకన్లు, అంతే. తర్వాత మళ్లీ ఇంకో కారు. పెట్రోలు ఇంజన్ లేదు, హోరు లేదు. అందుకే జనం అరుపులూ టైర్ల అరుపులూ విడివిడిగా వినిపించాయి.

"అంత ఖర్చు పెట్టి, ఎండలో కూర్చుని చూసేకన్నా ఇంట్లో హాయిగా చూసుకోవచ్చు కదా" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. కాకపోతే ఇందులో రెండు మూడు వేరువేరు విషయాలు కలగలిసి చిక్కుపడి ఉన్నాయి. ఆ చిక్కు విప్పితే టీవీ మేలా, టికెట్ మేలా అన్న వాదన చాలావరకు తగ్గిపోతుంది. నేను ఇన్నేళ్లు చూసి తెలుసుకున్నది ఒక్కటే: ఈ రెండు చోట్లా మనం చూసేది ఒకే వస్తువు కాదు.

ముందు లెక్క చూద్దాం. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్ చుట్టుకొలత 5.125 కిలోమీటర్లు. ఫార్ములా వన్ రేసు అయిన ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగిన 2011, 2012, 2013 సంవత్సరాల్లో రేసు 60 ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ అరవై చుట్లు. మంచి సీటు దొరికి, మీ కళ్ల ముందు 300 మీటర్ల ట్రాక్ కనిపిస్తోంది అనుకుందాం. గంటకు 200 కిలోమీటర్ల సగటు వేగంతో ఆ ముక్క దాటడానికి కారుకు అయిదు సెకన్లు, ఇంకొంచెం పడుతుంది. అరవై ల్యాపులకు కలిపితే అయిదున్నర నిమిషాలు. అంటే గంటన్నర రేసులో మీ అభిమాన డ్రైవరు మీకు కనిపించేది అయిదున్నర నిమిషాలు. మిగతా ఎనభై అయిదు నిమిషాలు అతను మీకు కనపడని చోట నడుపుతుంటాడు. ఓవర్‌టేకులు, తప్పులు, గుద్దుళ్లు ఎక్కువగా అక్కడే జరుగుతాయి.

క్రికెట్ స్టేడియంలో ఇలా ఉండదు. ఎంత చివరి వరుసలో కూర్చున్నా గ్రౌండు మొత్తం కనిపిస్తుంది. ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీల్లోనూ అంతే, బరి ఈ చివర నుంచి ఆ చివర దాకా కళ్ల ముందే ఉంటుంది. మోటార్ రేసులు చాలావరకు అలా కాదు. ఏ ఒక్కచోట నిలబడినా మొత్తం కనపడని ఆట ఇది.

దీన్ని అర్థం చేసుకోవడానికి మనకు దగ్గర్లోనే మంచి ఉదాహరణ ఉంది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు ఎస్వీబీసీ ఛానెల్లో స్వామివారు ఎంత దగ్గరగా కనిపిస్తారో మనందరికీ తెలుసు. ఏ హారమో, ఏ మాలో, వ్యాఖ్యానం చెప్పేవాళ్లు విడమరిచి చెబుతారు. మాడ వీధుల గ్యాలరీల్లో పొద్దుటి నుంచి పిల్లాపాపలతో కూర్చున్నవాళ్లకు వాహనం ఎదురుగా ఉండేది కొద్ది నిమిషాలే. అయినా లక్షల్లో వెళ్తారు. వాళ్లను "టీవీలో చూడొచ్చు కదా" అని మనం అడగం. భక్తికీ రేసుకూ పోలిక పెట్టడం నా ఉద్దేశం కాదు. ఎదురుచూసి, ఒక్కసారి ఎదురుగా చూసి వచ్చే అనుభవం టీవీ ఇచ్చేదానికన్నా వేరని మనకు ఎప్పటినుంచో తెలుసని చెప్పడానికే ఈ మాట.

అన్ని రేసులూ ఒకేలా ఉండవు కూడా. అమెరికాలో నాస్కార్ అనే కార్ల రేసులు జరిగే బ్రిస్టల్ ట్రాక్ మొత్తం కలిపి కిలోమీటరు కూడా ఉండదు. గిన్నె అంచులా చుట్టూ లేచిన స్టాండ్లలో ఎక్కడ కూర్చున్నా ప్రతి కారూ ప్రతి క్షణం కనిపిస్తుంది. దానికి పూర్తి విరుద్ధం ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ బైకుల రేసు. అక్కడ ఒక్క ల్యాపే 60 కిలోమీటర్లకు పైన, ఊళ్ల మధ్య నుంచి, కొండ మీదుగా సాగే మామూలు రోడ్ల మీద. బైకులన్నీ ఒకేసారి బయల్దేరవు, పది సెకన్లకు ఒకటి చొప్పున వదులుతారు. కాబట్టి రోడ్డు మీద ముందు కనిపించేవాడు రేసులో ముందున్నట్టు కాదు, టైము లెక్క వేస్తేగానీ తేలదు. అందుకే అక్కడ కంచె పక్కన గడ్డిలో కూర్చున్న జనం చెవిలో స్థానిక మ్యాంక్స్ రేడియో కామెంటరీ మోగుతూ ఉంటుంది. కళ్లు రోడ్డు మీద, చెవి రేడియో దగ్గర. ఆ రెండూ కలిస్తేనే వాళ్లకు రేసు పూర్తిగా అందుతుంది.

ఇక కథ సంగతి. రేసు అంటే ఎవరు వేగంగా నడిపారు అన్నది ఒక్కటే కాదు. ఎవరు ఎప్పుడు టైర్లు మార్చే పిట్‌లోకి వచ్చారు, ఏ టైర్లు వేసుకున్నారు, ఎవరు ఎంత వెనకబడి ఎంత కలుపుకున్నారు అన్న లెక్కల్లోనే అసలు పోటీ ఉంటుంది. 2013 ఇండియన్ గ్రాండ్ ప్రికి నేను వెళ్లాను. పోల్ నుంచి మొదలైన సెబాస్టియన్ వెటెల్ రెండో ల్యాప్ చివర్లోనే పిట్‌లోకి వెళ్లిపోయాడు. మళ్లీ మా స్టాండు ముందుకు వచ్చేసరికి 17వ స్థానంలో ఉన్నాడు. చుట్టూ ఒక్కసారిగా కలకలం. కారులో ఏదో పాడైందన్నారు ఒకరు, రెక్క విరిగిందన్నారు ఇంకొకరు. టైటిల్ గెలవాల్సినవాడు ఇలా అయిపోయాడేమిటని నాకూ టెన్షన్ పట్టుకుంది.

జరిగింది ఏమిటంటే, ఆ రోజు సాఫ్ట్ టైర్లు చాలా త్వరగా అరిగిపోతున్నాయి. రేసులో రెండు రకాల టైర్లూ వాడి తీరాలన్నది నిబంధన. ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో వాడిన సాఫ్ట్ టైర్ల మీదే వెటెల్ రేసు మొదలుపెట్టాలి. అందుకని ఆ భారాన్ని రెండు ల్యాపుల్లోనే దించేసుకుని, గట్టిగా నిలిచే మీడియం టైర్లు వేసుకుని, కొత్త టైర్ల వేగంతో ఒక్కొక్కరినీ దాటుకుంటూ రావాలన్నది వాళ్ల ఎత్తుగడ. టీవీ ముందున్నవాళ్లకు కామెంటేటర్లు ఇది నిమిషంలో విప్పి చెప్పేశారు. తెర పక్కన డ్రైవర్ల మధ్య తేడా సెకన్లలో పడుతూ ఉంటుంది కాబట్టి వెటెల్ ఎంత కలుపుకొస్తున్నాడో ల్యాప్ ల్యాపుకూ తెలిసింది. మా స్టాండులో మాత్రం పదిహేను ల్యాపుల దాకా ఆ అయోమయం తీరలేదు. చివరికి అతను దాదాపు అరనిమిషం తేడాతో గెలిచి, వరుసగా నాలుగో ప్రపంచ టైటిల్ అక్కడే సాధించాడు.

ఫార్ములా ఈలో ఇది ఇంకా ఎక్కువ. అక్కడ బ్యాటరీలో ఎంత మిగిలిందన్నదే రేసుకు ప్రాణం. ముందున్నవాడి దగ్గర తక్కువ ఉండి, వెనకవాడి దగ్గర ఎక్కువ ఉంటే ఆఖరి ల్యాపుల్లో తలకిందులు కావచ్చు. టీవీలో ఆ శాతం అంకెల్లో కనిపిస్తుంది. స్టాండులో కూర్చున్నవాడికి రెండు కార్లూ ఒకేలా ఉంటాయి. హైదరాబాద్‌లో ఆఖరి ల్యాపుల్లో వెర్న్ కాసిడీని వెనక పెట్టుకుని గెలిచినప్పుడు, ఆ ఉత్కంఠ తమ్ముడికి అందినంత నాకు అందలేదని ఒప్పుకుంటాను.

మరి ఇన్ని ఇచ్చే టీవీ ఏం ఇవ్వలేదు? వేగం.

వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజం. టీవీ కెమెరా దూరం నుంచి పెద్ద లెన్సుతో చూస్తుంది. అలాంటి లెన్సులో ముందూ వెనకా ఉన్నవి దగ్గరికి జరిగి అణిగిపోయినట్టు కనిపిస్తాయి, ఎత్తుపల్లాలు చదునైపోతాయి. పైగా కెమెరా కారుతో పాటే తిరుగుతుంది. కాబట్టి కారు తెర మధ్యలో నిలబడే ఉంటుంది, కదిలేది వెనకనున్న బోర్డులే. చిన్న స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డప్పుడు కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆగకుండా వెళ్తే ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. గుండె ఒక్కసారి జల్లుమంటుంది, కాళ్లు వాటంతటవే వెనక్కి జరుగుతాయి. అదే రైలును చేల గట్టు మీద నుంచి, దూరంగా చూస్తే మెల్లగా పాకుతున్నట్టు ఉంటుంది. రైలు వేగంలో మార్పేమీ లేదు, మారింది మనం నిలబడ్డ చోటే. టీవీ మనల్ని ఎప్పుడూ ఆ గట్టు మీదే నిలబెడుతుంది.

ఎత్తుపల్లాల మాటే తీసుకోండి. అమెరికాలో ఆస్టిన్ దగ్గరున్న సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లో మొదటి మలుపు కొండ మీద ఉంటుంది. స్టార్ట్ నుంచి అక్కడికి దాదాపు 40 మీటర్లు, అంటే పదమూడంతస్తుల మేడంత ఎక్కాలి. టీవీలో చూస్తే కొంచెం ఏటవాలు రోడ్డులా కనిపిస్తుంది. కింద నిలబడి చూసినవాళ్లకు, కార్లన్నీ ఒక్క గుంపుగా ఆ గోడ లాంటి ఎత్తును ఎక్కి, పైన ఎడమకు తిరిగి మాయం కావడం మరిచిపోలేని దృశ్యం.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించింది వేగం పుంజుకోవడం కాదు, బ్రేకు వేయడం. బుద్ధ్‌లో కిలోమీటరుకు పైగా సాగే పెద్ద స్ట్రెయిట్, అంటే మలుపుల్లేని తిన్నని దారి ఉంది. దాని చివర కార్లు 300 పైచిలుకు వేగంతో వచ్చి, నూరు నూట యాభై మీటర్ల లోపే స్కూటర్ వేగానికి దగ్గరగా దిగిపోవాలి. మొదటిసారి చూసినప్పుడు కారు మలుపు దాటి పోతుందనే అనుకున్నాను, సీట్లోంచి లేచాను కూడా. మన కారుతో మనకున్న అనుభవం ప్రకారం అంత ఆలస్యంగా బ్రేకు వేస్తే ఆగడం కుదరదు. అది ఆగింది. చక్రాల దగ్గర నుంచి నల్లటి పొడి పొగలా ఒక్కసారి లేచింది, గేర్లు ఒకదాని వెనక ఒకటి దిగుతుంటే టపటపా పేలినట్టు శబ్దం. టీవీలో అది ఒక అంకె మాత్రమే, 310 నుంచి 90కి. కంచె దగ్గర నిలబడితే, ఆ పని చేస్తున్నది మెడా చేతులూ ఉన్న ఒక మనిషి అని ఒక్కసారిగా తెలిసొస్తుంది.

శబ్దం మాట కూడా చెప్పాలి. 2013 దాకా ఫార్ములా వన్‌లో 2.4 లీటర్ల వీ8 ఇంజన్లు నిమిషానికి 18,000 చుట్లు తిరిగేవి. మన దేశంలో జరిగిన మూడు గ్రాండ్ ప్రిలూ ఆ ఇంజన్లతోనే. ఆ మోత చెవులకు కాదు, ఛాతీకి తగిలేది. చెవుల్లో దూది పెట్టుకున్నా ఎముకల్లో వినిపించేది. 2014 నుంచి 1.6 లీటర్ల వీ6 హైబ్రిడ్ ఇంజన్లు వచ్చాక శబ్దం బాగా తగ్గింది. మైక్రోఫోన్ ఏ ఇంజన్ శబ్దాన్నయినా అణచి, కామెంటరీ కింద పరిచేస్తుంది. కాబట్టి ఆ తేడా టీవీలో కొంతే తెలిసింది, ట్రాక్ పక్కన నిలబడ్డవాళ్లే దాన్ని పెద్ద లోటుగా చెప్పుకున్నారు.

ఒకే రేసు ఇంట్లో ఒకలా, ట్రాక్ దగ్గర మరోలా ఎలా ఉంటుందో చూపించే రోజు ఒకటుంది. 2005 జూన్ 19, ఇండియానాపొలిస్‌లో అమెరికా గ్రాండ్ ప్రి. అక్కడి వేగమైన మలుపులో మిషెలిన్ టైర్లు నిలవడం లేదని ప్రాక్టీస్‌లోనే తేలింది. సర్దుబాటు కుదరలేదు. ఆదివారం, రేసుకు ముందు మెల్లగా తిరిగే ఫార్మేషన్ ల్యాప్ అవగానే మిషెలిన్ టైర్లున్న 14 కార్లూ పిట్‌లోకి వెళ్లిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న ఆరు కార్లే రేసు చేశాయి. ఎక్కడెక్కడి నుంచో సెలవులు పెట్టుకుని, హోటళ్లు బుక్ చేసుకుని వచ్చిన జనం కేకలు వేశారు, ట్రాక్ మీదికి సీసాలు విసిరారు. తర్వాత టికెట్ల డబ్బు తిరిగి ఇస్తామని, మరుసటి ఏడాదికి ఇరవై వేల టికెట్లు కొని పంచుతామని మిషెలినే ముందుకొచ్చింది.

ఆ ఆరు కార్లలో ఒకటి మన నారాయణ్ కార్తికేయన్ నడిపిన జోర్డాన్. నాలుగో స్థానం, అయిదు పాయింట్లు. ఫార్ములా వన్‌లో భారతీయ డ్రైవరు సాధించిన పాయింట్లు ఇవాళ్టికీ అవే. రాత్రి మేలుకుని టీవీలో చూసిన మాకు అది సంబరం. పరిస్థితి ఏమిటో తెలుసు, అయినా తెర మీద మనవాడి పేరు నాలుగో వరుసలో చూడటం వేరు. అదే సమయంలో స్టాండుల్లో ఉన్నవాళ్లకు అది మోసపోయిన రోజు. ప్రయాణం చేసినవాడు పెట్టిన పందెం పెద్దది, ఓడితే అంత పెద్దగానే ఓడతాడు.

2021 ఆగస్టు 29న బెల్జియంలోని స్పాలో ఇంకో రకంగా జరిగింది. వాన ఆగలేదు. జనం గంటల తరబడి తడుస్తూ బురదలో నిలబడ్డారు. చివరికి, వేగం పెంచనివ్వకుండా ముందు నడిచే సేఫ్టీ కారు వెనక కొన్ని ల్యాపులు తిప్పి, సగం పాయింట్లు ఇచ్చి ముగించారు. ఇంట్లో ఉన్నవాళ్లు విసుగొచ్చి టీవీ కట్టేశారు, వాళ్లకు పోయింది ఒక సాయంత్రం. 2023లో లాస్ వెగాస్‌లో మొదటి ప్రాక్టీస్ మొదలైన ఎనిమిది నిమిషాలకే రోడ్డు మీది ఇనుప మూత ఒకటి లేచి కార్లోస్ సైన్జ్ కారును చీల్చింది. మరమ్మతులు చేసి రెండో ప్రాక్టీస్ మొదలుపెట్టేసరికి రాత్రి రెండున్నర. అప్పటికే జనాన్ని స్టాండుల నుంచి పంపించేశారు. అంటే టికెట్ కొన్నవాళ్లు బయట, టీవీ చూసేవాళ్లు లోపల. ఒక్క గురువారానికే టికెట్ కొన్నవాళ్లకు రేసు టోపీలూ చొక్కాలూ అమ్మే దుకాణంలో వాడుకునే 200 డాలర్ల కూపన్ ఇచ్చారు. నా దృష్టిలో అది సరైన పరిహారం కాదు. అభిమాని వచ్చింది టోపీ కొనడానికి కాదు.

అయితే ట్రాక్ దగ్గర ఉన్నవాళ్లకు మాత్రమే దక్కేవీ ఉన్నాయి. 2008 నవంబరు 2, బ్రెజిల్‌లోని ఇంటర్లాగోస్. సొంత ఊరి జనం ముందు ఫెలిపే మాసా రేసు గెలిచాడు. గీత దాటిన క్షణానికి అతనే ప్రపంచ ఛాంపియన్. స్టాండులన్నీ ఊగిపోయాయి. ఆఖరి మలుపు దగ్గర లూయిస్ హామిల్టన్ తడి రోడ్డు మీద టిమో గ్లాక్‌ను దాటి అయిదో స్థానంలోకి రావడంతో టైటిల్ మాసా చేజారి హామిల్టన్‌కు దక్కింది. మాసా తర్వాత హామిల్టన్ గీత దాటడానికి 38 సెకన్లు పట్టింది. ఇక్కడ మనకు అర్ధరాత్రి దాటింది. నేను ఆ రాత్రి టీవీ ముందు నోటి మాట రాక కూర్చుండిపోయాను. కానీ వేల గొంతులు ఒకేసారి లేచి, ఆ తర్వాత ఒకేసారి ఆగిపోతే ఆ చోట ఎలా ఉండి ఉంటుందో నాకు తెలిసే అవకాశం లేదు.

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. అసలు చిక్కు అక్కడే ఉంది.

టికెట్ ఎందుకంత ఖరీదు అని అడిగేముందు, టికెట్ డబ్బు ఎవరికి వెళ్తుందో తెలియాలి. ఫార్ములా వన్ సంస్థకు ఆదాయం ప్రధానంగా మూడు దారుల్లో వస్తుంది. ఒకటి ప్రసార హక్కులు, రెండు ప్రకటనలూ స్పాన్సర్లూ, మూడు రేసు పెట్టుకునే నిర్వాహకులు కట్టే ఫీజు. ఆ నిర్వాహకుడికి ప్రసారంలో సాధారణంగా వాటా ఉండదు. ట్రాక్ చుట్టూ కనిపించే ప్రకటనల్లోనూ చాలాచోట్ల ఉండదు. అతనికి మిగిలేది ముఖ్యంగా టికెట్లే. ఏటేటా పెరిగే ఫీజు కట్టడానికి అతని చేతిలో ఉన్న సాధనం టికెట్ ధర, లేదా ప్రభుత్వం ఇచ్చే సాయం. బ్రిటన్‌లో సిల్వర్‌స్టోన్ లాంటి పాత ట్రాక్, మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు 1950లో జరిగిన చోటు, జనంతో కిటకిటలాడుతూ కూడా నష్టం వస్తోందని 2017లో ఒప్పందంలోంచి బయటికొచ్చే నిబంధనను వాడుకుంది. రెండేళ్ల తర్వాత కొత్త ఒప్పందం కుదిరాకే నిలబడింది. 2023లో అక్కడికి వారాంతంలో వచ్చినవాళ్ల లెక్క 4,80,000. జనం లేక కాదు, లెక్క కుదరక రేసులు పోతాయని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

మన దేశంలోనూ జరిగింది అదే. 2011లో బుద్ధ్‌కు 95,000 మంది దాకా వచ్చారు, గళ్ల జెండా ఊపింది సచిన్ టెండూల్కర్. తర్వాతి రెండేళ్లు జనం తగ్గిన మాట నిజం. కానీ రేసు ఆగిపోవడానికి అసలు కారణం పన్నులు. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని క్రీడగా కాక వినోదంగా చూసి పన్ను వేసింది. కార్లూ విడిభాగాలూ దేశంలోకి తేవడానికి కస్టమ్స్ చిక్కులు. ఫార్ములా వన్ ఆదాయం మీద పన్ను ఇక్కడ కట్టాలా వద్దా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, కట్టాల్సిందేనని 2017లో తేలింది. అప్పటికే రేసు పోయి నాలుగేళ్లు. అదే ట్రాక్ మీద 2023 సెప్టెంబరులో మోటోజీపీ బైకుల రేసు జరిగింది, మార్కో బెజెక్కి గెలిచాడు. ట్రాక్ బాగానే ఉందని ఆ రోజు అందరూ చూశారు.

టీవీ వస్తే జనం రారన్న భయం పాతది. ఇండియానాపొలిస్ 500 రేసును 1949, 1950లో ఆ ఊరి టీవీ ఛానెల్ లైవ్ చూపించింది. టికెట్ల అమ్మకం దెబ్బతింటుందని నిర్వాహకులు ఆపించేశారు. తర్వాత కాలంలో దేశమంతా లైవ్ వచ్చినా, ఆ ఊళ్లో మాత్రం సాయంత్రానికిగానీ చూపించేవారు కాదు. 2016లో నూరో రేసుకు టికెట్లన్నీ అమ్ముడయ్యాక ఆ ఏడాదికి ఆ నిషేధాన్ని ఎత్తేశారు. రేసు తమ ఇంటి పక్కనే జరుగుతుంటే టీవీలో చూడలేని ఊరు అది.

దీనికి ఎదురు ఉదాహరణ 1979 ఫిబ్రవరి 18, డేటోనా 500. 500 మైళ్ల నాస్కార్ రేసును మొదటి నుంచి చివరి దాకా అమెరికా దేశమంతటికీ లైవ్‌లో చూపించడం అదే మొదలు. ఆ రోజు తూర్పు అమెరికాలో భారీగా మంచు కురిసి జనం ఇళ్లలో చిక్కుకుపోయారు. ఆఖరి ల్యాపులో ముందున్న ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకున్నారు, వెనకున్న రిచర్డ్ పెట్టీ గెలిచాడు, ఆ గుద్దుడు మీద గడ్డిలో కొట్లాట జరిగింది. ఆ మధ్యాహ్నం టీవీ ముందు కూర్చున్నవాళ్లలో ఎంతోమంది తర్వాత ఆ ఆట అభిమానులయ్యారు. టీవీ జనాన్ని ఆపలేదు, తయారుచేసింది. నేను కూడా అలా తయారైనవాణ్నే. టీవీ లేకపోతే నోయిడాకు వెళ్లేవాణ్ని కాదు.

2020లో కరోనా వచ్చినప్పుడు ఈ రెండిటి బంధం బయటపడింది. జులైలో ఆస్ట్రియాలో ఖాళీ స్టాండుల మధ్య సీజన్ మొదలైంది. ప్రసార ఒప్పందాల మీద ఆట ఎలాగో నడిచింది. కానీ టికెట్లు లేని నిర్వాహకులు మామూలుగా ఫీజు కట్టే పరిస్థితిలో లేరు. చూసేవాళ్లకూ ఏదో వెలితి. ఖాళీ సిమెంటు మెట్ల ముందు నుంచి కారు వెళ్తుంటే ప్రాక్టీస్ చూస్తున్నట్టే ఉండేది. స్టాండులోని జనం టీవీ కార్యక్రమంలో భాగమేనని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది.

ఇంకో మార్పు మన దగ్గర జరిగింది. 2022 దాకా ఫార్ములా వన్ స్పోర్ట్స్ ఛానెల్లో వచ్చేది, కేబుల్ ఉన్న ప్రతి ఇంట్లోనూ తగిలేది. 2023 నుంచి అది యాప్‌లకు మారింది, 2024లో హక్కులు ఫ్యాన్‌కోడ్‌కు వచ్చాయి. కావాలనుకున్నవాళ్లు కొనుక్కుని చూస్తారు. కానీ ఛానెళ్లు మారుస్తూ మారుస్తూ అనుకోకుండా తగిలి, అక్కడే ఆగిపోయే పదేళ్ల పిల్లాడు ఇప్పుడు లేడు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

వెళ్లాలనుకునే మనవాళ్లకు దగ్గరి దారులు ఉన్నాయి. సింగపూర్‌లో 2008 నుంచి రాత్రి రేసు జరుగుతోంది. గల్ఫ్‌లో బహ్రెయిన్, అబుదాబి, జెద్దా, ఖతార్‌లలో ఉన్నాయి, అక్కడ పనిచేసే తెలుగువాళ్లకు అది పక్క ప్రయాణమే. డల్లాస్ నుంచి ఆస్టిన్ కారులో మూడు మూడున్నర గంటలు. మనకు అర్ధరాత్రి దాటాక మొదలయ్యే ఆ రేసు అక్కడివాళ్లకు మధ్యాహ్నం భోజనం వేళ.

నా సలహా అడిగితే ఆదివారం కన్నా శుక్రవారం ముఖ్యం అంటాను. ఆ రోజు కథ ఉండదు కాబట్టి కోల్పోయేది ఏమీ లేదు. సీటు పట్టుకు వేలాడకుండా, టికెట్ అనుమతించినంత మేర ట్రాక్ చుట్టూ నడవండి. ఒకే మలుపులో కార్లన్నీ వరుసగా వెళ్లేటప్పుడు ఎవరు ఎక్కడ బ్రేకు వేస్తున్నారో పోల్చి చూడండి. పదో కారు దగ్గర మీకే తేడా తెలుస్తుంది. ఆదివారం సీటుకు స్టార్ట్ గీత ఎదురుగా ఉన్నదానికి ఎగబడకండి. అక్కడ కార్లు గీత గీసినట్టు పోతాయి, అంతే. పెద్ద స్ట్రెయిట్ చివర, గట్టిగా బ్రేకు వేసే మలుపు దగ్గర, ఎదురుగా పెద్ద తెర ఉన్న స్టాండు వెతకండి. చెవులకు ప్లగ్గులు తప్పనిసరి, పిల్లలుంటే మరీను. ఫోన్లో వీడియో పెట్టుకోవద్దు. అది కొన్ని సెకన్ల నుంచి అరనిమిషం దాకా ఆలస్యంగా వస్తుంది, కళ్ల ముందు జరిగినదాన్ని ఫోన్ మళ్లీ చెబుతుంటే తల తిరుగుతుంది. టైమింగ్ అంకెలు మాత్రం చూసే యాప్ చాలు. ఇంటికొచ్చాక రేసు మొత్తం మళ్లీ టీవీలో చూడండి. నేను 2013 రేసును అలా చూసినప్పుడే వెటెల్ రెండో ల్యాప్ సంగతి పూర్తిగా అర్థమైంది.

హైదరాబాద్ రేసు అయిన రాత్రి తమ్ముడితో గంటసేపు మాట్లాడాను. వాడు జాగ్వార్ కార్ల గుద్దుడు, బ్యాటరీ శాతాలు చెప్పాడు. నేను ఆ ఈల శబ్దాన్ని నోటితో చేసి వినిపించే ప్రయత్నం చేశాను. "వచ్చే ఏడాది నేనూ వస్తానన్నయ్యా" అన్నాడు. 2024 ఫిబ్రవరి 10కి తేదీ ఇచ్చారు, వాడు సెలవు కూడా పెట్టుకున్నాడు. జనవరి మొదటి వారంలో ఆ రేసు రద్దయింది. రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం వచ్చింది, ఒప్పందం ముందుకు సాగలేదు.

ఇరవై ఏళ్లుగా రేసులు చూస్తున్న మా తమ్ముడు ఇప్పటిదాకా ఒక్క రేసు కారును కూడా కళ్లారా చూడలేదు. అందుకే ఈసారి ఇద్దరం చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై వెళ్దామనుకుంటున్నాం. అక్కడి ట్రాక్ మీద జాతీయ స్థాయి రేసులు జరుగుతాయి. పేరున్న డ్రైవర్లు ఉండకపోవచ్చు, హెలికాప్టర్ కెమెరాలు ఉండవు, కారు వేగం ఫార్ములా వన్‌లో సగమే కావచ్చు. వాణ్ని బ్రేకు వేసే మలుపు దగ్గర, కంచె పక్కన నిలబెట్టాలి. విజయవాడ నుంచి రాత్రి బండి ఎక్కితే పొద్దున్నే చెన్నైలో దిగుతాం.